కమ్మరి కుమారుడు మైకేల్ ఫారడే

ధ్యాన భాగములు: నిర్గమకాండము 31:1–11, మత్తయి 25:14–30



పెద్దపల్లి చుట్టుపట్ల పల్లెలలో కాపురముండు మనకు బ్యాటరీ అనునది క్రొత్త వస్తువు కాదు. ట్రాక్టరులో బరువైన బ్యాటరీ కలదు. టార్చిలైటులో చిన్న బ్యాటరీలు కలవు. చేతిలోని సెల్‌ఫోనులో పలుచని బ్యాటరీ కలదు. రామగుండమునుండి వచ్చు కరెంటు ఏ గాలివాన రాత్రియో నిలిచిపోయినప్పుడు మన యింటికి వెలుగిచ్చునది ఈ బ్యాటరీయే. అయితే ఆ పెట్టెలో కరెంటు ఎక్కడ దాగియున్నది? అందులో పోయు యాసిడ్ నీళ్లకు ఆ కరెంటుతో పనియేమి? ఈ ప్రశ్నలకు ఓపికతో జవాబు వెదకి, ఆ సంగతులకు నేటికిని లోకమంతట వాడబడుచున్న పేర్లను పెట్టిన మనుష్యుడు కాలేజీలో చదివినవాడు కాడు. అతడొక కమ్మరి కుమారుడు. పదమూడేండ్లకే పనిలో చేరినవాడు. ఒక చిన్న సంఘములో పెద్దగానుండి పరిచర్య చేసినవాడు. ఆయన పేరు మైకేల్ ఫారడే. ఆయన జీవితమును ఈ నెల మనము తలపోసికొందము.

పేదయింటి బాలుడు

మైకేల్ ఫారడే 1791వ సంవత్సరము సెప్టెంబరు 22వ తేదీన, ఇంగ్లండు దేశములో లండను పట్టణమును ఆనుకొనియున్న న్యూయింగ్టన్ అను పేటలో జన్మించెను. తండ్రి జేమ్సు కమ్మరిపని చేయువాడు. పని కొరకు ఉత్తర దేశమునుండి పట్టణమునకు వలస వచ్చిన కుటుంబమది. తండ్రికి ఆరోగ్యము సరిగా నుండెడిది కాదు. కొలిమియొద్ద ఆయన నిలువలేని దినమున ఇంట పొయ్యి వెలుగుట కష్టము. 1801వ సంవత్సరములో ధాన్యపు ధర మిక్కుటముగా పెరిగినప్పుడు ఈ బాలునికి వారమునకు ఒక రొట్టె మాత్రమే దొరికెడిదని ఆయన చరిత్ర వ్రాసినవారు చెప్పుదురు. బడిలో చదువుట, వ్రాయుట, కొద్ది లెక్కలు నేర్చుకొనెను. అంతటితో బడి ముగిసెను.

ఆ యింట ధనము లేకపోయినను ప్రార్థన యుండెను. వారు శాండిమనులు అనబడు ఒక చిన్న క్రైస్తవ సంఘమునకు చెందినవారు. స్కాట్లండు దేశములో జాన్ గ్లాస్ అను బోధకుని వలన ఆ సంఘము మొదలైనది. అతని అల్లుడైన రాబర్ట్ శాండిమన్ పేరున అది పిలువబడెను. వారిలో జీతము తీసికొను పాదిరి లేడు. చేతిపనులు చేసికొను పెద్దలే వాక్యము చదివి బోధించుచుండిరి. ఆదివారమున రెండు ఆరాధనల నడుమ అందరును కలిసి ప్రేమవిందు భుజించెడివారు. ధనమును కూడబెట్టుటను వారు మెచ్చరు. లేఖనములో నున్నదానికి ఏమియు కలుపక, దానినుండి ఏమియు తీసివేయక నడువవలెనని వారి పట్టుదల.

పుస్తకముల అంగడిలో

1804వ సంవత్సరమున బాలుడు జార్జి రీబో అను పుస్తకముల వర్తకునియొద్ద పత్రికలు ఇంటింటికి చేరవేయు పనిలో ప్రవేశించెను. మరుసటి సంవత్సరము ఏడేండ్ల ఒప్పందముతో బైండింగు పని నేర్చుకొనుటకు అక్కడనే కుదురుకొనెను. రీబో దయగలవాడు. పిల్లవాడు తాను కుట్టుచున్న పుస్తకములను చదువుకొనుచుండగా చూచి గద్దింపలేదు. ఒక విజ్ఞానకోశమును బైండు చేయుచుండగా విద్యుత్తును గూర్చిన వ్యాసము అతని కంటబడెను. జేన్ మార్సెట్ అను స్త్రీ రసాయన శాస్త్రమును గూర్చి సంభాషణ రూపములో వ్రాసిన పుస్తకమొకటి అతని మనస్సును మరింత కదిలించెను. చదివిన దానిని ఊరకే నమ్మక, చేతనైనంతవరకు చేసి చూచుట అతని అలవాటు.

1810వ సంవత్సరమున తండ్రి మరణించెను. అన్న రాబర్టు కూడ కమ్మరియే. తమ్ముడు సాయంకాలపు ఉపన్యాసములు వినుటకు పోవునట్లు ఒక్కొక్క దానికి ఒక షిల్లింగు చొప్పున ఆ అన్న ఇచ్చెను. చదువరులారా, ఈ అన్నను మరచిపోకుడి. లోకమునకు తమ్ముని పేరు మాత్రమే తెలియును. కొలిమియొద్ద చెమటోడ్చి ఆ షిల్లింగు ఇచ్చిన అన్న లేకపోయినయెడల ఆ పేరు మనకు తెలిసియుండునో లేదో.

1812వ సంవత్సరమున మైకేల్ తన చేతులతో ఒక బ్యాటరీ చేసెను. ఏడు రాగి అర్ధపెన్నీ నాణెములు తీసికొనెను. అదే పరిమాణములో జింకు రేకును బిళ్లలుగా కత్తిరించెను. నడుమ ఉప్పునీటిలో తడిపిన కాగితపు ముక్కలు పెట్టి ఒకదానిమీద నొకటి పేర్చెను. ఆ చిన్న దొంతరనుండి రెండు తీగెలు తీసి ఒక లవణపు ద్రావణములో ముంచగా ఆ లవణము విడిపోవుచున్నట్లు కనబడెను. కాగితము పొడిగానున్న యెడల ఏమియు జరుగదు. ఉప్పునీటితో తడిసినప్పుడే పని జరుగును. ఇరువదియేండ్ల తరువాత ఆయన లోతుగా పరిశోధించిన సంగతికి మొదలు ఆ తడికాగితములోనే యున్నది.

ప్రయోగశాలలో సేవకుడు

ఆ సంవత్సరమే అంగడికి వచ్చు ఒక పెద్దమనిషి ఇచ్చిన టిక్కెట్లతో ఫారడే సర్ హంఫ్రీ డేవీ అను గొప్ప రసాయన శాస్త్రవేత్త ఉపన్యాసములను వినెను. విన్నదంతయు వ్రాసి, బొమ్మలు గీచి, తానే బైండు చేసి, పని యిమ్మని వేడుకొనుచు డేవీకి పంపెను. తుదకు 1813వ సంవత్సరము మార్చి 1వ తేదీన లండనులోని రాయల్ ఇన్‌స్టిట్యూషనులో సహాయకునిగా చేర్చుకొనబడెను. వారమునకు 25 షిల్లింగుల జీతము, మేడమీద రెండు గదులు. సీసాలు కడుగుట, పొయ్యి రాజేయుట, పరికరములు మోయుట ఆయన పని.

ఆ యేడాది చివర డేవీ దంపతులతో కూడ ఐరోపా దేశములకు పోయి, 1815లో తిరిగివచ్చెను. మార్గములో ఇంటి నౌకరు చేయు పనులు కూడ ఆయనమీద పడెను. డేవీ భార్య ఆయనను పనివానిగానే చూచెను. మనస్సు నొచ్చినను ఆయన విడిచిపోలేదు. ఆ ప్రయాణములోనే మిలాను పట్టణమున, లోకములో మొదటి బ్యాటరీని చేసిన వృద్ధుడైన వోల్టాను కన్నులార చూచెను.

1821వ సంవత్సరము జూను 12వ తేదీన తన సంఘములోని సారా బర్నార్డును వివాహమాడెను. మరుసటి నెలలో సంఘము ఎదుట తన విశ్వాసమును ఒప్పుకొని సభ్యుడాయెను. వారికి పిల్లలు కలుగలేదు. అయినను వారి కాపురము నలువది ఆరేండ్లు ప్రేమతో సాగెను.

1831వ సంవత్సరము ఆగష్టు 29వ తేదీన, ఇనుప కడ్డీని వలయముగా వంచి, దానికి రెండు ప్రక్కల రాగి తీగె చుట్టి చేసిన ప్రయోగములో అయస్కాంతము వలన కరెంటు పుట్టించు మార్గము ఆయనకు దొరికెను. నేడు రామగుండములో ఆవిరిచేత తిరుగుచున్న గొప్ప జనరేటర్లు ఆ సూత్రము చొప్పుననే పని చేయుచున్నవి.

ఉప్పునీటి లోపలి ప్రయాణము

ఇప్పుడు బ్యాటరీ లోపలి సంగతికి వత్తము. 1833వ సంవత్సరమున ఫారడే ఒక వింతను గమనించెను. నీటిలో కరెంటు పోవుచున్నది. అదే నీరు గడ్డకట్టి మంచైనప్పుడు, పలుచని మంచు పొరయైనను కరెంటును ఆపివేయుచున్నది. అట్లయిన ఇతర వస్తువుల సంగతియేమని ఆయన పరీక్షించెను. సీసపు లవణమొకటి గట్టిగా నున్నంతసేపు కరెంటును పోనియ్యలేదు. దానిని కాచి కరిగింపగా నీటిచుక్కయైనను లేకయే కరెంటును పోనిచ్చెను, ఆ లవణము కూడ విడిపోయెను. అనేక లవణములతో ఇట్లే జరిగెను.

సంతనాడు ఇరుకు సందులో క్రిక్కిరిసి నిలిచిన జనమును తలంచుకొనుడి. ఎవరును అటునిటు కదలలేరు. జనము కొంచెము సడలినయెడల తూర్పునకు పోవలసినవారు తూర్పునకును, పడమటికి పోవలసినవారు పడమటికిని పోదురు. లవణములోని కణములును అట్టివే. గట్టిగానున్నప్పుడు ఒకదానినొకటి పట్టుకొని తమ చోటులలో నిలిచియుండును. నీటిలో కరిగినప్పుడు గాని, వేడిచేత కరిగినప్పుడు గాని వాటికి కదలుటకు వీలు కలుగును. అప్పుడు రెండు కడ్డీలు ముంచి కరెంటు పెట్టిన యెడల కొన్ని ఈ కడ్డీకి, కొన్ని ఆ కడ్డీకి ప్రయాణమగును.

ఈ కణములకు 1834వ సంవత్సరములో అయానులని పేరు పెట్టబడెను. గ్రీకు భాషలో ఆ మాటకు పోవునది అని అర్థము. అవి ప్రయాణము చేయు ద్రవమునకు ఎలక్ట్రోలైటు అనియు, ముంచిన కడ్డీలకు ఎలక్ట్రోడులనియు పేర్లు వచ్చెను. ఈ పేర్లు ఏర్పరచుటలో ఫారడే తన తెలివినే నమ్ముకొనలేదు. తనకు గ్రీకు రాదు గనుక కేంబ్రిడ్జి పండితుడైన విలియం హ్యూవెల్‌ను అడిగి, ఆయన సలహాను సంతోషముతో స్వీకరించెను. తెలియనిదానిని తెలిసినవారిని అడుగుటలో ఆయనకు సిగ్గు లేదు.

పిమ్మట ఆయన తూనికలు పట్టెను. ఎంత కరెంటు పంపిన అంత లోహము కడ్డీమీద చేరుచున్నది. రెండింతలు పంపిన రెండింతలు చేరుచున్నది. ఒకే కరెంటును వేరువేరు ద్రవములలో గుండ పంపిన యెడల ఒక్కొక్క పదార్థమునకు ఒక్కొక్క నియమిత తూకము కలదు. 1 గ్రాము హైడ్రోజనును విడిపించు కరెంటు దాదాపు 108 గ్రాముల వెండిని తెచ్చి పెట్టును. ఎన్నిమారులు చేసినను ఈ లెక్క తప్పదు. నేటి శాస్త్రవేత్తలు ఆ కరెంటు కొలతను 96,485 కూలుంబులని లెక్కించి, దానిని ఫారడే పేరుననే పిలుచుచున్నారు.

ఆయనకు అన్నియు తెలిసెనని కాదు. కరెంటు వచ్చినప్పుడే కణములు విడిపోవునని ఆయన తలంచెను. ఉప్పు నీటిలో కరిగినప్పుడే కణములు విడివడియున్నవని స్వీడను దేశస్థుడైన అరీనియసు 1880ల తరువాతి భాగమున చూపెను. మన దేశమున కలకత్తాలో జ్ఞానచంద్ర ఘోష్ 1918వ సంవత్సరమున ఈ ద్రావణములను గూర్చియే పరిశోధన ప్రకటించి పేరు పొందెను. 1914లో పాల్ వాల్డెన్ అనునాయన 12 డిగ్రీలకే కరుగు లవణమొకటి కలదని తెలిపెను. మన గదిలో పెట్టిననే అది ద్రవముగా నుండును. అట్టివాటిని నేడు అయాను ద్రవములందురు. అవి సులభముగా ఆవిరి కావు, సులభముగా అంటుకొనవు. గనుక అగ్నిభయము లేని బ్యాటరీలకు అవి పనికివచ్చునేమో యని శోధించుచున్నారు. అయితే అవి తేనెవలె చిక్కగానుండుటచేత వాటిలో అయానుల నడక మందగించును. ఇది నేటికిని తీరవలసిన చిక్కు.

సెల్‌ఫోనులోని బ్యాటరీ కూడ ఈ దారినే వచ్చినది. చార్జి పెట్టినప్పుడు లిథియము అయానులు ఒక పలకనుండి మరియొక పలకకు ద్రవము గుండ పోవును. ఫోను వాడునప్పుడు అవి తిరిగి మొదటి చోటికి వచ్చును. ఇట్టి బ్యాటరీ 1991లో అంగడికి వచ్చెను. దానికై పాటుపడిన ముగ్గురికి 2019లో నోబెల్ బహుమానము లభించెను. ఫారడే కరిగించిన సీసపు లవణమునుండి మన జేబులోని ఫోనువరకు ఒక్కటే దారి.

ఇక్కడ తలిదండ్రులకు ఒక హెచ్చరిక. ట్రాక్టరు బ్యాటరీలోని ద్రవము గంధకపు యాసిడ్. అది చర్మమును, కన్నులను కాల్చివేయును. దానిలోని సీసము విషము. పాత బ్యాటరీని ఇంటిముంగిట పగులగొట్టవద్దు, పిల్లలను ఆడుకొననియ్యవద్దు.

రెండు దారుల నడుమ

ఇంత తెలివిగల మనిషి ధనవంతుడు కావలసినవాడు కదా. అట్టి దారి ఆయన ఎదుట తెరువబడియుండెను. వర్తకులు తమ సరకులను పరీక్షించి యిమ్మని ఆయనను వేడుచుండిరి. 1830వ సంవత్సరములో ఆ పనులవలన ఆయనకు వెయ్యి పౌనులకు మించి వచ్చెను. అవి పెంచుకొన్న యెడల ఆయన గొప్ప సంపన్నుడగును. కాని పరిశోధనకు పొద్దు చాలదు. రెండును ఒకేసారి మోయలేనని ఆయన గ్రహించెను. రెండేండ్లలోగా ఆ రాబడిని అత్యల్పమునకు దించుకొనెను. అయానులను గూర్చిన పరిశోధనలన్నియు ఆ నిర్ణయము తరువాతనే జరిగినవి. చదువరులారా, ఆయన మరియొక దారి పట్టియుండినయెడల ఈ వ్యాసమునకు పని యుండెడిది కాదు.

దొర బిరుదును ఆయన తీసికొనలేదు. రాయల్ సొసైటీ అధ్యక్ష పదవిని కోరి యిచ్చినను ఒప్పుకొనలేదు. కాని క్రిస్‌మసు దినములలో పిల్లలకు కొవ్వొత్తి మంటను చూపి శాస్త్రము బోధించుటను మాత్రము గొప్పగా నెంచెను. 1853వ సంవత్సరమున, ఆత్మలు బల్లలను తిప్పుచున్నవని జనులు వెఱ్ఱిగా నమ్ముచుండగా, బల్లమీద చేతులుంచినవారే తమకు తెలియకుండ దానిని త్రోయుచున్నారని పరికరము కట్టి రుజువు చేసెను. చేతబడి, బాణామతి యని భయపడు మన పల్లెలకు ఆ పరీక్ష నేటికిని పనికివచ్చును.

గోదావరిఖని గనులలో మనవారు పనిచేయుచున్నారు గనుక మరియొక సంగతి. 1844వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీన ఇంగ్లండులోని హాస్‌వెల్ బొగ్గు గనిలో ప్రేలుడు కలిగి 95 మంది పెద్దలును బాలురును చనిపోయిరి. ప్రభుత్వము ఫారడేను, లయల్ అను భూగర్భ శాస్త్రవేత్తను పంపెను. వారు గనిలోనికి దిగి పరీక్షించిరి. గ్యాసు మాత్రమే కాదు, గనిలో పేరుకొన్న బొగ్గుధూళి కూడ అంటుకొని ప్రేలుడును పెద్దది చేయునని తెలిపిరి. చాలకాలము ఆ మాటను లెక్కచేసినవారు తక్కువ. నేడు గనులలో బొగ్గుధూళిమీద రాతిపొడి చల్లుట, నీరు చిలుకరించుట ఆ అపాయమును తప్పించుటకే.

సంఘములో పెద్ద, సంఘమునకు లోబడినవాడు

1832లో ఆయన సంఘ పరిచారకుడుగాను, 1840లో పెద్దగాను ఏర్పరచబడెను. లోకమంతయు ఎరిగిన శాస్త్రవేత్త, ఆదివారమున కొద్దిమంది చేతిపనివారి నడుమ నిలిచి లేఖనము చదివి బోధించుచుండెను. బీదలను, రోగులను ఇండ్లకు పోయి దర్శించుచుండెను.

అయితే 1844వ సంవత్సరము మార్చి నెలలో ఆ సంఘమే ఆయనను వెలివేసెను. ఆ కాలమున ఆ సంఘములో కలిగిన వివాదములో మరికొందరును అట్లే తొలగింపబడిరి. ఆయన యొక్క పెద్దరికము పోయెను. అది ఆయనకు చిన్న శ్రమ కాదు. రాజులచేత గౌరవింపబడినవాడు, తన పేరు ఎరిగిన ఏ గొప్ప సంఘములోనికైనను పోగలవాడు, వేరొక చోటికి పోలేదు. తనవారిని పత్రికలలో దూషింపలేదు. మే నెలలో మరల చేర్చుకొనబడెను. కాని పెద్దరికము వెంటనే రాలేదు. పదునారేండ్లు సామాన్య సభ్యుడుగానే బల్లమీద కూర్చుండెను. 1860లో వారే ఆయనను మరల పెద్దగా నేర్పరచిరి. చిన్న మాటకే సంఘము విడిచి వేరు కూటము పెట్టుకొను మనకు ఈ పదునారేండ్ల మౌనము ఒక ప్రసంగము.

తన విశ్వాసమును ఆయన ప్రయోగములచేత రుజువు చేయబూనలేదు. రక్షణను గూర్చిన సత్యము దేవుడు బయలుపరచుట వలననే మనుష్యునికి తెలియునని నమ్మెను. సృష్టిని మాత్రము దేవుని నియమములు వ్రాయబడిన చోటుగా ఎంచి, ఆ నియమము ఎన్నడును తప్పదను ధైర్యముతో వెదకెను. తన తలంపు ప్రయోగమునకు విరోధముగా నున్నప్పుడు తన తలంపునే విడిచిపెట్టెను.

సాయంకాలము

1840వ సంవత్సర ప్రాంతమునుండి ఆయన జ్ఞాపకశక్తి తగ్గుచు వచ్చెను. తల తిరుగుచుండెను. పని మాని స్విట్జర్లాండులో కొంతకాలము విశ్రమించెను. తిరిగివచ్చి 1845లో, అయస్కాంతము వెలుగుమీద కూడ పనిచేయునని కనుగొనెను. చేసిన పనిని మరచిపోవుదునని యెరిగి, ప్రతి ప్రయోగమును అంకె వేసి పుస్తకములో వ్రాసికొనుచుండెను. 1858లో రాణి విక్టోరియా హాంప్టన్ కోర్టునొద్ద కాపురమునకు ఒక ఇల్లు ఇచ్చెను. శక్తి తగ్గుకొలది ఒక్కొక్క బాధ్యతను తానే అడిగి దించుకొనెను. 1864లో సంఘ పెద్దరికమును, 1865లో ప్రయోగశాల పనిని విడిచెను. 1867వ సంవత్సరము ఆగష్టు 25వ తేదీన తన గదిలో కుర్చీలో కూర్చుండియే ప్రభువునందు నిద్రించెను. గొప్పవారి సమాధులుండు వెస్టుమినిస్టరులో గాక, హైగేటు శ్మశానములో సాధారణమైన రాతిక్రింద పాతిపెట్టబడెను.

మన ధ్యానమునకు

నిర్గమకాండములో బెసలేలు చేతిపనివాడు. బంగారము, వెండి, ఇత్తడి, చెక్క పనులకు కావలసిన నేర్పును దేవుడే అతనికిచ్చెనని అక్కడ చదువుచున్నాము. కొలిమి, మగ్గము, సాలె, నాగలి, గని, బైండింగు సూది — ఏదియు దేవుని యెదుట నీచమైన పని కాదు. తలాంతుల ఉపమానములో తక్కువ పొందినవాడు గద్దింపబడినది తక్కువ పొందినందుకు కాదు, దానిని మంటిలో దాచినందుకు. ఫారడేకు మొదట దొరికినవి వారమునకొక రొట్టె, దయగల యజమానుడు, షిల్లింగు ఇచ్చిన అన్న, ఏడు రాగి నాణెములు. ఆయన వాటిని దాచిపెట్టలేదు.

తలిదండ్రులారా, మన యింటి పిల్లవాడు దేనినైనను విప్పి చూచి ఎందుకని అడిగినప్పుడు విసుగుకొనకుడి. చదువుకొనగోరు తమ్మునికి, చెల్లెలికి షిల్లింగు ఇచ్చు అన్నలు మన సంఘములలో లేవవలెను. యౌవనులారా, శాస్త్రము నేర్చిన విశ్వాసము పోవునేమోయని భయపడకుడి. పేదవారము గనుక మనవలన కాదని తలవంచుకొనకుడి. అయితే నేర్చిన తెలివిని దేనికి అమ్ముదురో, దేనికి అర్పింతురో ముందే నిశ్చయించుకొనుడి. ఆ నిశ్చయము ఫారడే నలువదియవ యేట చేసికొనెను. మనము దానిని ఏ యేట చేసికొందుము?

ప్రార్థన: సృష్టికర్తవైన తండ్రీ, నీవు మా చేతులలో నుంచినదానిని పాతిపెట్టక నీ మహిమకును పొరుగువాని మేలుకును వాడు మనస్సు మాకు దయచేయుము. ఆమేన్.